నాడా సంగతి ఎవరూ అడగరేం?

కిందటి డిసెంబర్లో ఇక్కడ మిషిగన్‌లో, నోవై ఊళ్లో ఒక మిత్రుడి గృహప్రవేశానికి వెళ్లాం. హైదరాబాద్ నుంచి వచ్చి నాలుగు నెలలైన కుర్రాడొకడు ఒక చేత్తో పులిహోర ప్లేటు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, తను కొనబోయే సెకండ్ హ్యాండ్ కారు ఫొటో అందరికీ చూపిస్తున్నాడు. వెనక చక్రాలతో నడిచే సెడాన్. చూసిన నలుగురూ ఒకే గొంతుతో "వద్దు తమ్ముడూ" అన్నారు. "ఇక్కడి స్నోలో రియర్ వీల్ డ్రైవ్ పనికిరాదు. ఫ్రంట్ వీల్ తీసుకో, ఇక దిగులుండదు." అలా తేల్చేయకండి అని నేను అడ్డుపడ్డాను. అక్కడున్నవాళ్లలో పెద్దాయన, పాతికేళ్లుగా ఈ చలిని చూసిన మనిషి, నావైపు తిరిగి, "ఏమండీ, మీది గోదావరి జిల్లా కదా! మీ ఊళ్లో ఎద్దుల్ని బండికి ముందు కడతారా, వెనక కడతారా?" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు మాత్రం ఇంటికెళ్తుంటే దారిలో తట్టింది. నాకెప్పుడూ అంతే.

ముందే కడతామండీ. కానీ కంకర రోడ్డు మీద బరువు లాగాల్సిన ఎద్దుకి నాడాలు కొట్టించకుండా బండి కట్టిన రైతుని మా ఊళ్లో నేను చూడలేదు. పోనీ, ఎద్దుల కాలం పోయిందంటారా, ట్రాక్టర్ సంగతి చూద్దాం. మా చేలల్లో దమ్ము చేసే ట్రాక్టర్లు నా చిన్నతనంలో అన్నీ వెనక చక్రాలతో నడిచేవే. మామూలు రబ్బరు టైర్లతో దమ్ములోకి దిగితే నాలుగు గజాలు వెళ్లి కూరుకుపోయేవి. ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తే అదే ట్రాక్టర్, అదే ఇంజను, మోకాలి లోతు బురదలో సాయంత్రందాకా తిరిగేది. ట్రాక్టర్ కూరుకుపోయినప్పుడు "దీనికి ముందు చక్రాల్లో బలం లేదు, అమ్మేద్దాం" అన్న ఆసామి లేడు. చక్రం మార్చేవాడు. ఆ ఇంగితం పొలం గట్టు మీద వదిలేసి విమానం ఎక్కామేమో అనిపిస్తుంది.

ఫ్రంట్ వీల్ వాదానికి న్యాయంగా చెప్పాల్సింది ముందు చెప్పేస్తాను. ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజను, గేర్‌బాక్సు రెండూ ఆ చక్రాల నెత్తినే కూర్చుంటాయి. కారు బరువులో 60 పాళ్లు ముందే ఉంటుంది. బరువెక్కువున్న చక్రానికి పట్టూ ఎక్కువే. పైగా లాగే చక్రమే దారి కూడా తిప్పుతుంది కాబట్టి, మంచులో చిక్కుకున్నప్పుడు స్టీరింగు అటూ ఇటూ తిప్పుతూ బయటపడొచ్చు. ఇదంతా నిజమే. ఒకే రకం టైర్లున్న రెండు ఖాళీ కార్లని మంచు పట్టిన పార్కింగ్ స్థలంలో పక్కపక్కన నిలబెట్టి కదలమంటే, ముందు చక్రాలది ముందు కదులుతుంది.

నా గొడవంతా ఆ "కదలడం" దగ్గరే. చలికాలపు ప్రమాదాల్లో ఎవరైనా కదల్లేక చచ్చిపోయారా? కదల్లేని కారు ఇంటి ముందే ఉంటుంది. ఆ రోజు ఆఫీసుకి సెలవు, అంతే. ప్రమాదం ఎప్పుడూ ఆగలేకపోవడంలోనో, తిరగలేకపోవడంలోనో ఉంటుంది. ఆగేటప్పుడు నాలుగు చక్రాలూ బ్రేకు వేస్తాయి. ఇంజను బలం ఏ చక్రాలకి వెళ్తుందన్నది అక్కడ లెక్కలోకే రాదు. లెక్కలోకి వచ్చేది ఒక్కటే: నేలకీ కారుకీ మధ్య నాలుగు చోట్ల, ఒక్కో చోట సుమారు అరచేయంత మేర ఆనుకునే రబ్బరు.

ఆ రబ్బరు సంగతి చెప్పాలి. మనవాళ్లు దాన్ని టైరు అని కాకుండా నల్లగా గుండ్రంగా ఉండే ఓ వస్తువు అనుకుంటారు, అరిగితే మార్చేది. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం చూసే ఉంటారు. రబ్బరుకీ అలాంటి గుణమే ఉంది. వేసవి టైరులోని మిశ్రమం సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్లేసరికి బిరుసెక్కడం మొదలుపెడుతుంది. బిరుసెక్కిన రబ్బరు రోడ్డు గరుకులోకి ఒదగదు, పైపైన జారిపోతుంది. వింటర్ టైరు మిశ్రమం వేరు. సున్నాకి ఎంత కిందికి వెళ్లినా మెత్తగా ఉండేలా కలుపుతారు. దాని మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలు వందల కొద్దీ ఉంటాయి. టైరు నేలను నొక్కినప్పుడు ఆ గీతలు విచ్చుకుని మంచుని పళ్లతో పట్టినట్టు పట్టుకుంటాయి. గాళ్లలో ఇరుక్కున్న మంచు కూడా రోడ్డు మీద మంచుకి అతుక్కుని పట్టు పెంచుతుంది. మంచుకి మంచే బాగా అంటుకుంటుందని పిల్లలు మంచు ముద్దలు చేసేటప్పుడే తెలుస్తుంది కదా.

ఇప్పుడొక లెక్క. లెక్క నాదే, కాగితం పెన్సిలు తీసుకుని ఎవరైనా సరిచూసుకోవచ్చు. టైరు పట్టుని ఒక అంకెతో కొలుస్తారు. పొడి తారు మీద అది 0.8 చుట్టూ ఉంటుంది. అణిగిన మంచు మీద మామూలు టైరుకి 0.2, మంచి వింటర్ టైరుకి 0.3 అనుకుందాం. ముందు చక్రాల కారులో 60 పాళ్లు బరువు ముందుందనీ, వెనక చక్రాల కారులో సగం సగం ఉందనీ అనుకుందాం. ఎత్తు ఎక్కుతుంటే బరువు కాస్త వెనక్కి వాలుతుంది, అదీ కలుపుకున్నాను. మామూలు టైర్లతో ముందు చక్రాల కారు వంద అడుగులకి పదకొండున్నర అడుగులు లేచే వాలు ఎక్కగలదు. వెనక చక్రాల కారు పది అడుగుల పైచిలుకు. తేడా ఒక్క అడుగు! ఆ ఒక్క అడుగు కోసమే పెళ్లి భోజనాల దగ్గర నుంచి ఆఫీసు క్యాంటీన్ దాకా ఇంత ఉపదేశం. అదే వెనక చక్రాల కారుకి వింటర్ టైర్లు వేయండి, పదహారు అడుగుల వాలు ఎక్కుతుంది. నాడా కొట్టించిన వెనకటి ఎద్దు, నాడా లేని ముందటి ఎద్దుని దాటి నాలుగున్నర అడుగులు పైకి పోయింది.

ఇదంతా ఖాళీ కారు లెక్క. మన కార్లు ఖాళీగా ఎప్పుడుంటాయి కనక! జనవరిలో అమ్మానాన్నలు డిట్రాయిట్ విమానాశ్రయంలో దిగుతారు. తలా రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు, నిఖార్సుగా తూచి సర్దినవి. అందులో ఆవకాయ, గోంగూర, సున్నుండలు, మీరు వద్దన్న ఇత్తడి దీపం కుందులు. నాలుగు పెట్టెలూ డిక్కీలోకి, పెద్దవాళ్లిద్దరూ వెనక సీట్లోకి. పెట్టెలు వెనక ఇరుసుకి కూడా వెనకే ఉంటాయి కాబట్టి కారు ముక్కు కాస్త పైకి లేస్తుంది. ముందు చక్రాల మీదున్న 60 పాళ్లు కాస్తా 53 దగ్గరికి దిగుతుంది. అదే సామాను, అదే మనుషులు వెనక చక్రాల కారులో ఎక్కితే లాగే చక్రాల మీద బరువు 50 నుంచి 55కి చేరుతుంది. అంటే ఎవరి క్షేమం కోసం ఫ్రంట్ వీల్ కొన్నామో, వాళ్లు ఎక్కి కూర్చోగానే దాని గొప్పతనం తిరగబడింది. ఈ ఊళ్ల పాతకాపులు వెనక చక్రాల కార్ల డిక్కీలో ఇసుక మూటలు వేసుకునేవారు. మనకి ఇసుక దేనికి, సోనా మసూరి బస్తాలుండగా.

ఆగడం దగ్గరికి వద్దాం. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ బ్రేకు తొక్కారు. పట్టు 0.3 ఉంటే సుమారు 33 మీటర్లలో ఆగుతారు. 0.2 ఉంటే 49 మీటర్లు కావాలి. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండోది ఇంకా గంటకి 29 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటుంది. ఆ చోట స్కూలు బస్సు నిలబడి ఉందనుకోండి. ఈ లెక్కలో ఎక్కడైనా ఫ్రంట్ వీల్, రియర్ వీల్ అన్న మాట వచ్చిందా? రాదు. రావడానికి చోటు లేదు.

2015 జనవరి 9న మా రాష్ట్రంలోనే కలమజూ దగ్గర ఐ-94 రహదారి మీద 193 వాహనాలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. మిషిగన్ సరస్సు మీది నుంచి వచ్చే మంచు తెరలు అక్కడ ఒక్క నిమిషంలో కళ్లు కప్పేస్తాయి. బాణసంచా సరుకుతో వెళ్తున్న లారీ కూడా అందులో ఇరుక్కుని, తగలబడి, పగటిపూటే టపాసులు పేలాయి. ఆ కార్లలో ఏది ఏ చక్రాలతో నడిచేదో నేను చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ 193లో ప్రతి ఒక్కటీ బయల్దేరడంలో విజయం సాధించిన బండే.

ఫ్రంట్ వీల్ వల్ల మరో చిక్కుంది, దాన్ని ఎవరూ ఒప్పుకోరు. ముందు టైరు మీద మనం మూడు పనులు పెట్టాం: లాగడం, తిప్పడం, బ్రేకులో పెద్ద వాటా మోయడం. టైరుకున్న పట్టు ఒక మనిషి జీతం లాంటిది. అద్దెకి ఎంత పోతే అంత, మిగిలిందే కూరగాయలకి. మలుపులో గ్యాసు తొక్కితే పట్టంతా లాగడానికే పోయి తిప్పడానికి మిగలదు. స్టీరింగు ఎంత తిప్పినా కారు ముక్కు సూటిగా పోతుంది, మలుపు మాత్రం పక్కకి మళ్లిపోతుంది. కంగారుపడి గ్యాసు మీద నుంచి కాలు తీసేస్తే బరువు ఒక్కసారి ముందుకి వాలి, వెనక చక్రాలు తేలికై, ఏనాడూ పక్కకి జారదని నమ్మిన తోక పక్కకి జారుతుంది. వెనక చక్రాల కారు కనీసం ముందే చెబుతుంది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడే తోక చిన్నగా ఊపి, "నాయనా, రోడ్డు బాగాలేదు" అని హెచ్చరిస్తుంది. ముందు చక్రాలది నోరు మెదపకుండా అరవై మైళ్ల వేగందాకా తీసుకెళ్లి, అప్పుడు చెబుతుంది.

ఈ నమ్మకం ముదిరి మా చుట్టుపక్కల ఒక పాడు అలవాటు పుట్టింది. నాలుగు వింటర్ టైర్లకి డబ్బు దండగనుకుని రెండే కొంటారు. "మనది ఫ్రంట్ వీల్ కదా, ముందు రెండిటికీ చాలు." ఇంతకంటే ప్రమాదకరమైన పొదుపు లేదు. ముందు పట్టు పెరిగి, వెనక పాత పట్టే ఉండిపోతే, మలుపులో ముందు భాగం చక్కగా తిరుగుతుంది, వెనక భాగం తిరగదు. కారు బొంగరమవుతుంది. టైర్ల కంపెనీలు ఒకే రకం నాలుగూ వేయించమనీ, రెండే కొత్తవి కొంటే వెనక వేయించమనీ చెప్పేది ఇందుకే. రెండే వేయమంటే ఒప్పుకోని మెకానిక్కులున్నారు. మనవాళ్లు వాళ్లని "అమ్ముకోడానికి చెబుతున్నాడు" అని తిట్టుకుంటూ వేరే షాపుకి పోతారు. ఈ తప్పు మొట్టమొదటి ఏడాది నేనూ చేశాను. ఒక ఆదివారం ఉదయం, అదృష్టం బాగుండి ఎవరూ లేని కూడలిలో, వచ్చిన దారివైపే ముఖం పెట్టి ఆగాను. పక్కన మా ఆవిడ. ఆ ఉదయం తను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ భయమేసింది.

మరి ఇంతమందికి ఈ నమ్మకం ఎలా పట్టుకుంది? పుట్టిన కాలానికి అది తప్పు కాదు. 1970ల అమెరికన్ కారుని తలుచుకోండి. పడవంత పొడవు, ముందు బరువైన వీ8 ఇంజను, లాగే వెనక చక్రాల మీద ఖాళీ డిక్కీ, చక్రం జారితే సర్దే కంప్యూటరు లేదు. అలాంటి బండి మంచులో తోక తిప్పడంలో వింతేముంది? 1973లో ఒకసారి, 1979లో ఒకసారి చమురు ధరలు మండాయి. కంపెనీలు చిన్న కార్లకి మళ్లాయి. ఇంజనుని అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే నడిపిస్తే, కింద పొడుగాటి షాఫ్టు అక్కర్లేదు, లోపల చోటు పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. జనరల్ మోటార్స్ 1980 మోడల్‌గా తెచ్చిన షెవర్లే సైటేషన్ లాంటివి అలా పుట్టాయి. మార్పుకి కారణం పెట్రోలూ, చోటూ, ఖర్చూ. మంచు సంగతి అమ్మేవాడికి దొరికిన కొసరు. కొసరునే అసలనుకుని యాభై ఏళ్లుగా మోస్తున్నాం.

నిజంగా మంచు తెలిసిన దేశాన్ని చూడండి. స్వీడన్‌లో రెండు కంపెనీలు. సాబ్ 1949 నుంచీ ముందు చక్రాల కార్లే చేసింది. ఎరిక్ కార్ల్‌సన్ 1962లోనూ 1963లోనూ సాబ్ 96తో మోంటే కార్లో ర్యాలీ గెలిచాడు. ఫ్రంట్ వీల్ భక్తులు ఇక్కడ చప్పట్లు కొట్టొచ్చు. అయితే అదే దేశంలో వోల్వో 240 అనే వెనక చక్రాల కారు 1974 నుంచి 1993 దాకా తయారైంది. స్వీడన్ జనం దాన్ని ఎండాకాలం కారుగా ఏమీ కొనలేదు. మోంటే కార్లో మంచు మలుపుల మీదే 1968, 1969, 1970 వరసగా మూడేళ్లు పోర్షా 911 గెలిచింది. దాని ఇంజనూ వెనకే, నడిచే చక్రాలూ వెనకే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌దీ అదే అమరిక. మంచు తోసే బండి నడిపే మనిషి తెల్లవారకముందే ఆ బండి దగ్గరికి బీటిల్‌లో వెళ్తున్నట్టు 1960ల్లో ఒక టీవీ ప్రకటన వచ్చింది, ప్రకటనల చరిత్రలో ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటారు. అమెరికా ఆ రోజుల్లో దాన్ని చూసి మెచ్చుకుంది కూడా.

చట్టాలు ఏం చెబుతున్నాయి? మా పక్కనే కెనడాలో, క్విబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. స్వీడన్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా, రోడ్డు మీద మంచు పరిస్థితి ఉంటే తప్పనిసరి. ఫిన్లండ్‌లోనూ అలాంటి చట్టమే ఉంది. ఆ దేశపు నోకియన్ కంపెనీ 1930ల్లోనే ప్రత్యేకంగా చలికాలపు టైరు చేసింది. జర్మనీలో మంచు రోడ్డు మీద తిరగాలంటే మూడు శిఖరాల మధ్య మంచు రేకున్న గుర్తు టైరు మీద ఉండాలి. ఈ చట్టాలన్నిటికీ కావలసింది టైరే. ఏ చక్రాలు నడుస్తాయని వీటిలో ఏదీ అడగదు. మా మిషిగన్‌లో వింటర్ టైర్ల చట్టమే లేదు. బహుశా అందుకే ఇక్కడ ఉపదేశాలు ఎక్కువ.

"ఆల్ సీజన్ టైర్లున్నాయి కదా" అనే మాట తప్పకుండా వస్తుంది. ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి. అన్ని కాలాలకీ పనికొస్తుందంటే ఏ కాలానికీ పూర్తిగా పనికిరాదని అర్థం. దాని పక్కన ఉండే ఎం ప్లస్ ఎస్ అనే ముద్రని చూసి చాలామంది మురిసిపోతారు. ఆ ముద్ర గాళ్ల ఆకారాన్ని బట్టి వేసేది, మంచు మీద నడిపి చూసి ఇచ్చింది కాదు. మంచు మీద పరీక్ష నెగ్గిందనడానికి గుర్తు ఆ మూడు శిఖరాలే.

ఇంకొందరు నా మాట సగం విని, "అయితే ఆల్ వీల్ డ్రైవ్ కొంటాం" అంటారు. కొనుక్కోండి, మంచిదే, బయల్దేరడంలో దాన్ని మించింది లేదు. ఆగడంలో మాత్రం అది మీ పక్కింటి పాత కారుతో సమానం, కాస్త బరువు ఎక్కువ.

ఈ మధ్య జరిగిన మార్పులు చూస్తే ఆ పాత ఉపదేశం మరీ వెలవెలబోతుంది. జారుడుని పసిగట్టి ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసే ఈఎస్‌సి 2012 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి. తోక తిప్పే జబ్బుకి సగం మందు అక్కడే దొరికింది. ఆ తర్వాత ఎలక్ట్రిక్ కార్లొచ్చాయి. టెస్లా మోడల్ 3, ఫోక్స్‌వ్యాగన్ ఐడి.4, వీటిలో ఒకే మోటారున్న రకాలు వెనక చక్రాలతోనే నడుస్తాయి. కింద పరిచిన బ్యాటరీ వల్ల బరువు ముందూ వెనకా దాదాపు సమానం. 1998లో వెనక చక్రాల కార్లకి స్వస్తి చెప్పిన వోల్వో, 2023లో తన ఒంటి మోటారు ఎలక్ట్రిక్ కార్లని ముందు చక్రాల నుంచి వెనక చక్రాలకి మార్చింది. స్వీడన్ కంపెనీకి మంచు తెలియదని ఎవరైనా అంటే నేనిక మాట్లాడను. ఈ కార్లలో ఒక జాగ్రత్త ఉంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటారే బ్రేకులా పనిచేస్తుంది, అదీ వెనక చక్రాల మీద. జారే రోడ్డు మీద దాన్ని తగ్గించి పెట్టుకోవడం మేలు.

వెనక చక్రాల కార్లకి చెడ్డపేరు రావడానికి ఇంకో కారణం చెప్పి ముగిస్తాను. మంచులో ఇరుక్కున్న రియర్ వీల్ కారు అనగానే మన కళ్ల ముందు మెదిలేది ఇరవై రెండేళ్ల కుర్రాడి స్పోర్ట్స్ కారు. వెడల్పాటి వేసవి టైర్లు, నాలుగు వందల గుర్రాల బలం. పక్కన మన సన్నటి ఆల్ సీజన్ టైర్ల చిన్న సెడాన్. ఒకటి ఇరుక్కుంది, ఒకటి దాటిపోయింది. దాన్ని చూసి చక్రాల మీద తీర్పు చెప్పేశాం. వేసవి టైర్లని ఎవరూ చూడలేదు. చెప్పులు లేనివాడికి కాలు కాలితే, కాలిదే తప్పన్నట్టు.

ఆ కుర్రాడు చివరికి పెద్దల మాటే విన్నాడు. ఫ్రంట్ వీల్ కారు కొన్నాడు. కొన్నాక ఫోన్ చేసి, "అన్నా, మీరు చెప్పింది కొనలేదు, ఏమనుకోకండి" అన్నాడు. ఏమనుకుంటాను, బంగారంలాంటి కారు. టైర్లేం ఉన్నాయని అడిగాను. "బాగానే ఉన్నాయన్నా, అమ్మినాయన ఆల్ సీజన్ అన్నాడు." ఇంకో నాలుగు టైర్లు కొంటే పెట్టుకోడానికి అపార్ట్‌మెంట్‌లో చోటు లేదట. మా గరాజ్‌లో వాటర్ హీటర్ పక్కన పాత ట్రెడ్‌మిల్ ఉండేది. అది మొన్న తీయించేశాను. నాలుగు టైర్లు పడతాయని కొలిచి అతనికి మెసేజ్ పెట్టాను. శనివారం వస్తానన్నాడు.